చలిజ్వరం పీసీఆర్: ఒక వానాకాలం ప్రాజెక్టు డైరీ

జూన్, తొలకరికి ముందు

హనుమకొండలో ఎండ ఇంకా దిగలేదు. మా ల్యాబ్‌లో ఏసీ ఉన్న గది ఒక్కటే. ట్యూబులను వేడెక్కించి చల్లార్చే థర్మల్ సైక్లర్ కూడా అందులోనే ఉంది కాబట్టి, ఈ నెలలో అందరికీ పీసీఆర్ మీద, అంటే కావాల్సిన డీఎన్‌ఏ ముక్కను కోట్ల ప్రతులుగా పెంచి పట్టుకునే పద్ధతి మీద, ఎక్కడలేని ఆసక్తి పుట్టుకొచ్చింది.

ఈ సీజన్‌కు గైడ్ సార్ అప్పగించిన పని మాటల్లో చిన్నదే. ములుగు ఏజెన్సీలో జ్వరం వచ్చినవాళ్ల రక్తంలో మలేరియా పరాన్నజీవి ఉందా, ఉంటే ఏ జాతి, ఒక్కటేనా, రెండు కలిసి ఉన్నాయా అన్నది పీసీఆర్‌తో తేల్చే పద్ధతిని మా దగ్గర నిలబెట్టాలి. మేము కొత్తగా కనిపెట్టేదేమీ లేదు. 1993లో స్నూనూ బృందం ప్రచురించిన నెస్టెడ్ (రెండు అంచెల) పీసీఆర్‌ను ఇప్పటికీ చాలాచోట్ల కొలబద్దగా వాడుతున్నారు. మేమూ అక్కడినుంచే మొదలుపెడుతున్నాం.

రక్తపు పూతను మైక్రోస్కోప్‌లో చూసే స్లైడ్ ఉంది, పావుగంట ఇరవై నిమిషాల్లో గీత చూపించే ఆర్‌డీటీ కిట్ ఉంది, మళ్లీ ఇదెందుకని ఇంట్లో కూడా అడిగారు. జాతిని బట్టి మందు మారుతుంది. వైవాక్స్ అనే జాతి మలేరియాకు క్లోరోక్విన్ మూడు రోజులు, ప్రైమాక్విన్ 14 రోజులు ఇస్తారు. ఫాల్సిపారం అనే జాతి అయితే మూడు రోజుల ఏసీటీ (ఆర్టిమిసినిన్ కలిసిన మందుల జత), దానితో ప్రైమాక్విన్ ఒక్క మోతాదు. రెండూ కలిసి ఉన్న మనిషికి స్లైడ్‌లో ఫాల్సిపారం ఒక్కటే కనబడితే 14 రోజుల మందు అందదు. కాలేయంలో నిద్రపోయే వైవాక్స్ మొలకలు కొన్ని వారాలకో నెలలకో లేచి మళ్లీ చలిజ్వరం తెప్పిస్తాయి. అప్పుడు దాన్ని కొత్త కేసుగా రాసుకుంటాం. 2027 కల్లా స్థానికంగా పుట్టే కేసులు సున్నాకు రావాలని, 2030 కల్లా దేశంలో మలేరియా లేకుండా చేయాలని లక్ష్యం పెట్టుకున్నాం. కాబట్టి ఏది కొత్త కేసు, ఏది పాతది తిరగబెట్టింది అన్న లెక్క ఇకమీదట ముఖ్యం.

ఒక సంగతి ముందే అనుకున్నాం. మా పీసీఆర్ ఫలితం చూసి ఎవరికీ మందు మొదలుపెట్టడం గానీ ఆపడం గానీ ఉండదు. వైద్యం స్లైడ్‌ను, కిట్‌ను బట్టే జరుగుతుంది. ఎథిక్స్ కమిటీకి రాసిచ్చిన కాగితంలో కూడా ఇదే మొదటి వాక్యం.

జూన్ చివర, పస్రా దాటాక

ములుగు, పస్రా, తాడ్వాయి మీదుగా ఏటూరునాగారం పోయే దారి. మేడారం జాతర ఏడాది కాకపోవడంతో రోడ్డు ఖాళీగా ఉంది. మొదటి వానలు పడ్డాయి. అడవి పచ్చబడింది, వాగుల్లో నీళ్లు కదిలాయి. మలేరియాను మోసే క్యులిసిఫేసిస్ దోమకు ఇంతకంటే మంచి కాలం ఉండదు.

పీహెచ్‌సీలో ఏఎన్‌ఎం అక్కకు మా సంచీ చూడగానే అర్థమైంది.

“తమ్మీ, స్లైడు తీసుడే మాకో పెద్ద పని. మళ్ల ఈ కాయితం గూడానా?”

“వేరే గుచ్చుడేం లేదక్కా. స్లైడుకు పొడిచిన వేలికే ఇంకో చుక్క.”

“చుక్క ఎంతుండాలె?”

“ఈ వలయం నిండితే చాలు. నిండలేదని పైనుంచి మళ్ల ఇంకో చుక్క మాత్రం వెయ్యొద్దు.”

ఆ చివరి మాట రెండుసార్లు చెప్పాం. ప్రాజెక్టు మొత్తానికి అదే కీలకం. మేము వాడేది వాట్‌మన్ 3 ఎంఎం వడపోత కాగితం. ఒక్క చుక్క ఒకేసారి పడి రెండు వైపులా సమంగా ఇంకితే, అందులోంచి కత్తిరించిన 3 మిల్లీమీటర్ల బిళ్లలో సుమారు 3 మైక్రోలీటర్ల రక్తం ఉంటుంది. చుక్క మీద చుక్క పడితే ఒకచోట మందంగా పేరుకుంటుంది, ఇంకోచోట పలచబడుతుంది. అప్పుడు బిళ్లలో ఎంత రక్తం ఉందో ఎవరూ చెప్పలేరు.

రెండో తలనొప్పి ఆరబెట్టడం. ఎండాకాలం మూడు నాలుగు గంటల్లో ఆరే కాగితం ముసురులో రాత్రంతా పెట్టినా తడితడిగానే ఉంటుంది. తడి ఉండగా సంచీలో వేస్తే బూజు పడుతుంది, డీఎన్‌ఏ ముక్కలైపోతుంది. ఆరుబయట పెడితే ఈగలు, చీమలు. చీమలు నెత్తురు చుక్కను అంచునుంచి కొరుక్కుతింటాయని ఏ ప్రోటోకాల్‌లోనూ రాయలేదు! ఆశ వర్కర్ ఒకామె గోడకు మేకు కొట్టి, దారం కట్టి, కాగితాలను క్లిప్పులతో వేలాడదీసి, పైన దోమతెర ముక్క కప్పింది. ఆ తర్వాత మేము అన్ని సెంటర్లలో అదే పెట్టాం. ఆరాక ఒక్కో కాగితానికి ఒక్కో జిప్ కవరు, అందులో సిలికా జెల్ పొట్లం. నీలం గింజలు గులాబీ రంగుకు మారితే పొట్లం మార్చాలి. ఆ మాట కవరు మీద తెలుగులోనే రాసిపెట్టాం.

గుత్తికోయ గూడేల్లో పని నెమ్మది. ఛత్తీస్‌గఢ్ వైపునుంచి వచ్చి అడవి అంచున ఉంటున్న కుటుంబాలు వాళ్లవి. తెలుగు కొందరికే వచ్చు, కాబట్టి కోయ మాట్లాడే ఆశ అక్క లేకుండా సమ్మతి అడగడం కుదరదు. ఒక ముసలాయన రెండో చుక్క ఎందుకని నిలదీశాడు. అక్క ఆయనతో చాలాసేపు మాట్లాడింది. ఆయన ఒప్పుకోలేదు. మేము స్లైడు ఒక్కటే తీసుకుని వచ్చేశాం.

వాడి పారేసే ఆర్‌డీటీ కిట్లను కూడా దాచమని చెప్పాం. పట్టీ మీద ఎండిన రక్తంలోంచి కూడా డీఎన్‌ఏ తీయవచ్చు. కాగితం పాడైనచోట అదే ఆసరా.

జూలై మొదటి వారం: నెత్తురులోంచి డీఎన్‌ఏ

ఖరీదైన కాలమ్ కిట్లు మా బడ్జెట్‌లో కొన్నిటికే సరిపోతాయి. మిగతావన్నీ సపోనిన్–చెలెక్స్ పద్ధతిలోనే. బిళ్లను 0.5 శాతం సపోనిన్‌లో రాత్రంతా 4 డిగ్రీల దగ్గర నానబెడతాం. ఎర్రకణాలు పగిలి హీమోగ్లోబిన్ బయటికొస్తుంది, ద్రవం గోధుమ రంగుకు తిరుగుతుంది. దాన్ని పారబోసి బఫర్‌తో కడిగి, చెలెక్స్ గింజలు కలిపి, 10 నిమిషాలు దాదాపు మరిగే వేడిలో ఉంచి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతాం. పైన తేరిన నీళ్లలో డీఎన్‌ఏ ఉంటుంది.

కడగడం దగ్గర తొందరపడితే ఆ తర్వాత ఏం చేసినా లాభం లేదు. హీమోగ్లోబిన్‌లోని హీమ్ మిగిలితే, డీఎన్‌ఏ ప్రతులు తీసే టాక్ ఎంజైమ్ పనిచేయదు. ట్యూబ్ నెగెటివ్ చూపిస్తుంది, మనం పరాన్నజీవి లేదనుకుంటాం. అందుకే ప్రతి నమూనాకూ పక్కనే మనిషి బీటా-గ్లోబిన్ జన్యువుకు ఒక పీసీఆర్ పెడుతున్నాం. రక్తం మనిషిది కాబట్టి జెల్ మీద ఆ గీత (బ్యాండ్) రావాల్సిందే. రాకపోతే ఆ నమూనాను నెగెటివ్ అని రాయం, ‘చెల్లదు’ అని రాస్తాం. ఈ వారం అలా చెల్లనివి కొన్ని తేలాయి. మళ్లీ కడిగి, పీసీఆర్ సరుకులన్నీ కలిపిన మాస్టర్ మిక్స్‌లో కాస్త బీఎస్‌ఏ కలిపితే చాలావరకు దారికొచ్చాయి. బీఎస్‌ఏ ప్రోటీన్ హీమ్‌ను పట్టుకుని ఎంజైమ్ జోలికి పోకుండా ఆపుతుంది.

చెలెక్స్‌తో ఇంకో చిక్కుంది. ఆ గింజలు మెగ్నీషియంను పట్టేస్తాయి, టాక్‌కు మెగ్నీషియం లేనిదే పని జరగదు. పైతేట తీసేటప్పుడు టిప్‌లోకి ఒక్క గింజ వచ్చినా ట్యూబ్ చచ్చినట్టే. ట్యూబ్ అడుగునుంచి టిప్‌ను దూరంగా పెట్టి, ఆశపడకుండా సగమే తీసుకోవాలి.

సిర నుంచి తీసిన రక్తం ఏదైనా ఆసుపత్రి నుంచి వస్తే ఊదా మూత ఈడీటీఏ ట్యూబ్‌లోనే తీసుకుంటున్నాం. ఆకుపచ్చ మూత ట్యూబ్‌లో హెపారిన్ ఉంటుంది, అది పీసీఆర్‌ను అణచేస్తుంది.

జూలై రెండో వారం: రెండు అంచెలు

లక్ష్యం పరాన్నజీవి 18ఎస్ రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ జన్యువు. ఇందులో కొన్ని భాగాలు ప్లాస్మోడియం జాతులన్నిటిలో ఒకేలా ఉంటాయి, కొన్ని జాతికొకటిగా మారతాయి. మొదటి అంచెలో ఆర్‌పీఎల్‌యూ5, ఆర్‌పీఎల్‌యూ6 ప్రైమర్లు (కోరిన చోట అతికే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) ఏ ప్లాస్మోడియం అయినా సరే, సుమారు 1200 బేస్‌ల (డీఎన్‌ఏ అక్షరాల) ముక్కను లాగుతాయి. అందులోంచి కాస్త తీసి రెండో అంచెలో జాతి ప్రైమర్లు వేస్తాం. ఫాల్సిపారం ఉంటే 205 బేస్‌ల బ్యాండ్, వైవాక్స్ అయితే 120 దగ్గర, మలేరియే అనే మరో జాతి అయితే 144, ఓవేల్ అయితే 800కు కాస్త అటూ ఇటూ. మొదటి అంచె 25 సైకిళ్లు, రెండోది 30. ప్రైమర్లు అతికే వేడి 58 డిగ్రీలు. ఫాల్సిపారం జన్యుపటం 2002లో వచ్చినప్పుడు అందులో ఏ, టీ అక్షరాలే 80 శాతం దాకా ఉన్నాయని తేలింది. అలాంటి డీఎన్‌ఏకు మామూలు లెక్కన ప్రైమర్లు రాసుకోవడం కష్టం. 18ఎస్ జన్యువు అంత ఏకపక్షంగా లేకపోవడం మా అదృష్టం.

పాజిటివ్ కంట్రోల్‌గా, అంటే ఫలితం తప్పక రావాల్సిన నమూనాగా, ఫాల్సిపారంకు ల్యాబ్‌లో పెంచే 3డీ7 రకం కల్చర్ డీఎన్‌ఏ దొరికింది. వైవాక్స్‌కు ఆ సౌకర్యం లేదు, దాన్ని ల్యాబ్‌లో నిరంతరంగా పెంచడం ఇప్పటికీ కుదరలేదు. స్లైడ్‌లో గట్టిగా నిర్ధారణ అయిన రోగి నమూనానే వైవాక్స్ కంట్రోల్‌గా వాడుకోవాలి.

మొదటి జెల్‌లో కంట్రోళ్లు పలికాయి, అంటే బ్యాండ్లు వచ్చాయి. ఊళ్లనుంచి తెచ్చిన నమూనాల్లో స్లైడ్ పాజిటివ్‌వి కూడా పలికాయి. ల్యాబ్‌లో మిర్చి బజ్జీలు నడిచాయి. థర్మల్ సైక్లర్ గదిలో మాత్రం కాదు.

జూలై చివర: నీళ్లలో మలేరియా

డీఎన్‌ఏ బదులు నీళ్లు వేసిన నెగెటివ్ కంట్రోల్‌లో 205 దగ్గర సన్నగా బ్యాండ్.

నెస్టెడ్ పీసీఆర్‌తో పనిచేసే ప్రతి ల్యాబ్‌కూ ఈ రోజు వస్తుంది. మొదటి అంచె ట్యూబ్ మూత తెరిచి అందులోంచి తీయక తప్పదు. లెక్క ప్రకారం ఒక్క డీఎన్‌ఏ ప్రతి 25 సైకిళ్లకు 3 కోట్లు దాటుతుంది. మూత తీసేటప్పుడు కంటికి కనబడని తుంపర చేతి తొడుగు మీద పడి, అక్కడినుంచి పక్క ట్యూబ్‌లోకి పోతే చాలు.

ఎక్కడ చొరబడిందో తెలుసుకోవడానికి ఖాళీ కంట్రోళ్లను మెట్టుమెట్టుగా పెట్టాం. రక్తం లేని కాగితం బిళ్లను మొదటినుంచి చివరిదాకా నడిపించింది శుభ్రంగా వచ్చింది. మొదటి అంచెలో వేసిన నీళ్లు రెండో అంచె దాకా నడిపించినా శుభ్రమే. రెండో అంచెలో, మొదటి అంచె ట్యూబులు తెరిచే బల్ల మీద వేసిన నీళ్లు మాత్రం పాజిటివ్. అంటే కాగితమూ కాదు, ప్రైమర్లూ కాదు, ఆ బల్లే. ఆ ప్లేటు ఫలితాలన్నీ కొట్టేశాం, మంచివిగా కనబడినవాటితో సహా. సార్ ఒక్కమాట కూడా అనకుండా రిజిస్టర్‌లో అడ్డంగా ఎర్రగీత గీశారు.

ఇప్పుడు పని మూడు చోట్లకు చీలింది. మాస్టర్ మిక్స్ కలిపే చోటికి డీఎన్‌ఏ రాదు. డీఎన్‌ఏ కలిపే చోటికి పీసీఆర్ అయిన ట్యూబ్ రాదు. జెల్ గదిలోకి వేసుకున్న కోటుతో మళ్లీ వెనక్కి రావద్దు, మనిషి కూడా ఆ రోజుకు రావద్దు. పైపెట్లు ఎక్కడివి అక్కడే, రంగు టేపు చుట్టి ఉంచాం. ఫిల్టర్ టిప్స్. ట్యూబులను తెరిచేముందు ఒకసారి తిప్పి మూతకంటిన చుక్కలు కిందికి దించడం. వరుస మూతలు మానేసి విడి మూతలు. బల్లకు పదిశాతం బ్లీచ్, ఆ తర్వాత యూవీ. పాజిటివ్ కంట్రోల్‌ను కూడా బాగా పలచన చేశాం. బలమైన కంట్రోల్ జెల్‌లో చూడ్డానికి అందంగా ఉంటుంది గానీ, ల్యాబ్‌లో అందరికంటే పెద్ద ప్రమాదం అదే.

కాగితం కొట్టే పంచ్ కూడా అంతే. నమూనాకూ నమూనాకూ మధ్య ఖాళీ కాగితం మీద కొన్నిసార్లు కొట్టాలి. చేతులు నొప్పులు పెడతాయి. వేరే మార్గం లేదు.

ఆగస్టు మొదట్లో: 120 దగ్గర మబ్బు

వైవాక్స్ బ్యాండ్ 120 దగ్గర వస్తుందని రాశాను కదా. ప్రైమర్లు ఒకదానికొకటి అతుక్కుని పుట్టే చెత్త కూడా దాని కిందనే మబ్బులా కనబడుతుంది. జెల్ తొందరగా ఆపితే రెండూ కలిసిపోయి, నెగెటివ్ నమూనా కూడా వైవాక్స్ పాజిటివ్‌లా అనిపిస్తుంది. 2 శాతం అగరోజ్ జెల్ సరిపోలేదు. 3 శాతానికి పెంచి, వోల్టేజీ తగ్గించి, ఎక్కువసేపు నడిపాం. బాగా వేడెక్కాకే పని మొదలుపెట్టే హాట్‌స్టార్ట్ టాక్ తెప్పించాం, ప్రైమర్ల మోతాదు కాస్త తగ్గించాం. మబ్బు పలచబడి కిందికి పోయింది, బ్యాండ్ గీతలా నిలబడింది. ఇద్దరు విడివిడిగా చదివి, మాట కలిస్తేనే రాసుకుంటున్నాం. మూడోవాడిగా నన్ను పిలిచారంటే ఆ నమూనా మళ్లీ నడపాల్సిందే అని అర్థం.

మలేరియే ప్రైమర్లతో కూడా అక్కడక్కడా వెతుకుతున్నాం. దానిమీద నమ్మకం తెచ్చింది నిజానికి ఇంకో జాతి కథ. మలేషియాలోని సరవాక్‌లో కపిట్ దగ్గర, స్లైడ్‌లో మలేరియే అనుకున్న కేసులు కోతుల నుంచి వచ్చే నోలెసీ అని 2004లో పీసీఆరే బయటపెట్టింది. రెండూ సూక్ష్మదర్శినిలో చూస్తే ఒకేలా ఉంటాయి. మన అడవుల్లో నోలెసీని వెతకాలన్నది మా ప్రాజెక్టు పరిధిలో లేదు. మలేరియే మాత్రం చూడదగ్గదే.

ఆగస్టు 20

దోమల దినం. 1897లో ఇదే రోజున సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో పరాన్నజీవిని చూశాడు. ఆ దోమలు కుట్టిన రోగి పేరు హుస్సేన్ ఖాన్. జిల్లా ఆఫీసులో సభ, ప్రతిజ్ఞ, టీ. మేము జెల్ పోసి వెళ్లాం, వచ్చేసరికి గట్టిపడింది.

ఆగస్టు చివర: ఎంత రక్తం చూస్తున్నాం?

ఈ వారం ల్యాబ్‌లో ఒక్క ట్యూబూ పెట్టలేదు. తెల్లకాగితం, పెన్ను, వాదన.

మలేరియా విభాగంలో చాలా ఏళ్లు స్లైడ్లు చదివి రిటైరైన ఒక అన్న మాకు సాయానికి వస్తున్నాడు. జేఎస్‌బీ రంగు వేసిన స్లైడ్‌ను దూరంనుంచి చూసే బాగుందో లేదో చెప్పేస్తాడు. మా ఫలితాల్లో ఒక నమూనా ఆయనకు పాజిటివ్, మాకు నెగెటివ్. స్లైడ్ మళ్లీ చూపించాడు. ఉంగరాలు (ఎర్రకణాల్లో ఉంగరంలా కనబడే పరాన్నజీవులు) ఉన్నాయి, తక్కువే గానీ అనుమానం లేదు. బీటా-గ్లోబిన్ కూడా పలికింది. మరి పీసీఆర్ ఎందుకు పలకలేదు?

“మీ మిషన్ స్లైడు కంటే గొప్పదంటివి గదా తమ్మీ” అన్నాడు. వెక్కిరింత కాదు, నిజంగానే అడిగాడు.

లెక్క వేశాం. మందపు పూతలో 100 ఫీల్డులు (మైక్రోస్కోప్‌లో ఒకేసారి కనబడే వలయాలు) చూసినవాడు ఇంచుమించు పావు మైక్రోలీటర్ రక్తం చూసినట్టు. ఇక మేము? బిళ్లలో 3 మైక్రోలీటర్ల రక్తం. దాన్ని 100 మైక్రోలీటర్ల చెలెక్స్‌లోకి తీశాం. అందులోంచి పీసీఆర్‌లో వేసింది 5. అంటే 3లో ఇరవయ్యో వంతు, 0.15 మైక్రోలీటర్. మేము చూస్తున్న రక్తం అన్న చూసినదానికంటే తక్కువ!

అన్న ఒక్కసారి మౌనంగా ఉండి, “ఎనుమాముల మార్కెట్ల సంచిల చెయ్యి వెట్టి పిడికెడు మిర్చి తీసి ధర చెప్పినట్టే ఉన్నది” అన్నాడు. అంతే. సంచీలో రెండే కాయలు పుచ్చులుంటే పిడికిట్లో అవి పడకపోవచ్చు.

మైక్రోలీటర్‌కు ఒక్క పరాన్నజీవి ఉన్న మనిషిని తీసుకుందాం. 0.15 మైక్రోలీటర్‌లో సగటున 0.15 పరాన్నజీవి ఉంటుంది. 18ఎస్ జన్యువు ఫాల్సిపారంలో 5 నుంచి 8 ప్రతులు, అవి వేర్వేరు క్రోమోజోమ్‌ల మీద ఉంటాయి. 6 అనుకుంటే ట్యూబ్‌లో సగటున 0.9 ప్రతులు. సగటు 0.9 అయినప్పుడు ఒక్కటీ పడకుండా పోయే అవకాశం దాదాపు 40 శాతం. డీఎన్‌ఏ ఒక్క అణువు కూడా పోకుండా బయటికొచ్చిందనుకుంటేనే ఇది. నిజంలో ఇంకా అధ్వానం. ‘పీసీఆర్ మైక్రోలీటర్‌కు ఒక్క పరాన్నజీవినీ పట్టేస్తుంది’ అన్న మాట చాలాచోట్ల చదువుతాం. ఎంత రక్తంతో అన్నది పక్కన రాయకపోతే ఆ మాటకు అర్థం లేదు.

సైకిళ్లు పెంచుదామా అని ఒకరన్నారు. ట్యూబ్‌లో ప్రతి పడకపోతే వంద సైకిళ్లు తిప్పినా సున్నాకు రెట్టింపు సున్నాయే. పెంచాల్సింది రక్తం. ఒక బిళ్లకు బదులు మూడు బిళ్లలు, చెలెక్స్ 100 మైక్రోలీటర్లలోనే, పీసీఆర్‌లోకి 5 కాదు, 10. అప్పుడు 0.9 మైక్రోలీటర్, ఆరింతలు. హీమ్ కూడా మూడింతలవుతుంది, కాబట్టి కడగడం ఇంకోసారి. సిర రక్తం 200 మైక్రోలీటర్లు కాలమ్‌లో వేసి 100లోకి తీస్తే, అందులో 5 వేసినా 10 మైక్రోలీటర్ల రక్తం చూసినట్టే. ఆసుపత్రి నమూనాల్లో మా ఫలితాలు ఎందుకు బాగున్నాయో ఇప్పుడు తేలింది. యంత్రం ఒకటే, ప్రైమర్లు ఒకటే, చేతులూ అవే.

ఇంకో దారి ఎక్కువ ప్రతులున్న లక్ష్యాన్ని ఎంచుకోవడం. ఫాల్సిపారం మైటోకాండ్రియా డీఎన్‌ఏ ఒక్కో పరాన్నజీవిలో ఇరవై ప్రతుల దాకా ఉంటుంది. వర్ జన్యువుల చివరి భాగం, క్రోమోజోమ్ కొసల దగ్గర మళ్లీ మళ్లీ వచ్చే టేర్-2 వరుసలు పదుల్లో, వందల్లో ఉంటాయి. వాటిమీద పరీక్షలు 2015లో ప్రచురితమయ్యాయి. వర్, టేర్-2 పరీక్షలు ఫాల్సిపారంకే పనికొస్తాయి, మా ప్రశ్న మిశ్రమ ఇన్ఫెక్షన్ గురించి. కాబట్టి 18ఎస్‌లోనే ఉంటున్నాం, రక్తం పెంచుతున్నాం.

మూడు బిళ్లలతో ఆ నమూనా మళ్లీ నడిపాం. పలికింది. అన్నకు ఫోన్ చేసి చెప్పాం.

“నేను ముందే చెప్పిన గదా” అన్నాడు.

సెప్టెంబర్

పద్ధతి స్థిరపడింది. స్లైడ్‌లో ఫాల్సిపారం ఒక్కటే అని వచ్చినవాటిలో కొన్నిట్లో వైవాక్స్ కూడా పలుకుతోంది. ఎన్నిట్లో అన్నది లెక్క ముగిశాకే రాస్తాను. సగం పనిలో శాతాలు చెప్పడం మాకు ఇష్టం లేదు. ఫాల్సిపారం ఉంగరాలు గుంపుగా కనబడ్డప్పుడు చదివేవాడి కన్ను అక్కడితో తృప్తిపడుతుంది. అరుదుగా ఉన్న వైవాక్స్ కోసం ఇంకా వెతకమంటే, బయట వరండాలో యాభైమంది కూర్చుని ఉంటారు.

పీహెచ్‌సీ డాక్టర్ మేడంతో దీనిగురించి కూర్చున్నాం. ఆమె వేసిన ప్రశ్నలు సూటిగా ఉన్నాయి.

“మందు వేసుకున్న రెండు వారాలకు మీ పీసీఆర్ పాజిటివ్ అంటే నేనేం చెయ్యాలి?”

దాన్నిబట్టి ఏమీ చెయ్యొద్దు మేడం, అన్నాం. చచ్చిన పరాన్నజీవి డీఎన్‌ఏ, దోమకు అంటించే గామెటోసైట్ల డీఎన్‌ఏ రక్తంలో కొన్నాళ్లు తిరుగుతుంటాయి. పీసీఆర్ డీఎన్‌ఏను చూస్తుంది, అది బతికున్నదానిదా కాదా అన్నది చూడదు. మందు పనిచేసిందా లేదా అని తెలియాలంటే మళ్లీ స్లైడే. కాలేయంలో దాగిన వైవాక్స్‌ను కూడా మేము చూడలేం, అది రక్తంలోకి దిగితేనే కనబడుతుంది.

“అయితే మీది దేనికి పనికొస్తది?” అని అడిగి, జవాబు మేము చెప్పకముందే తనే చెప్పింది. ఏ గూడెంలో మిశ్రమ కేసులు ఉన్నాయో తెలిస్తే, అక్కడ ఫాల్సిపారం అని తేలిన ప్రతివాళ్ల స్లైడ్‌ను వైవాక్స్ కోసం రెండోసారి చదివించవచ్చట. కేసు కేసుకూ వేచి చూడక్కర్లేదు. ప్రాజెక్టు ప్రతిపాదనలో మేము రెండు పేజీలు రాసినదానికంటే ఇది స్పష్టంగా ఉంది. ప్రైమాక్విన్ 14 రోజులు ఇవ్వాలంటే జీ6పీడీ లోపం సంగతి కూడా చూసుకోవాలని ఆమె గుర్తు చేసింది. ఆ లోపం ఉన్నవాళ్లకు ఆ మందుతో ఎర్రకణాలు పగులుతాయి.

సెప్టెంబర్ చివర: గీత రాని కిట్లు

కొన్ని కేసుల్లో స్లైడ్‌లో ఫాల్సిపారం ఉంది, మా పీసీఆర్‌లో ఉంది, ఆర్‌డీటీ కిట్‌లో మాత్రం ఫాల్సిపారం గీత లేదు. ఆ గీత హెచ్‌ఆర్‌పీ2 అనే ప్రోటీన్‌ను పడుతుంది. ఆ జన్యువు ఎనిమిదో క్రోమోజోమ్ మీద ఉంటుంది. అది పూర్తిగా రాలిపోయిన పరాన్నజీవులు ఉన్నాయని పెరూ నుంచి 2010లో తెలిసింది. తర్వాత మన దేశంలోనూ నమోదయ్యాయి. ఇలా జన్యువు పోవడం వల్ల కిట్ తప్పే కేసులు 5 శాతం దాటితే వేరే కిట్‌కు మారాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ల్యాబ్‌లో ఉత్సాహం పెరిగింది. నాకు మాత్రం భయంగా ఉంది. కిట్ గీత రాకపోవడానికి వేరే కారణాలు బోలెడు. ఎండలో పడి ఉన్న కిట్, తక్కువ బఫర్, తక్కువ పరాన్నజీవులు. పీసీఆర్‌లో హెచ్‌ఆర్‌పీ2 పలకలేదని జన్యువు లేదనేస్తే అంతకన్నా తప్పు లేదు, ఎందుకంటే రాకపోవడమే ఇక్కడ రుజువు. 18ఎస్ పలికింది కదా అంటే చాలదు. దానికి ఆరు ప్రతులున్నాయి, హెచ్‌ఆర్‌పీ2కు ఒక్కటే. డీఎన్‌ఏ తక్కువైతే ముందు పోయేది అదే. ఎంఎస్‌పీ1, ఎంఎస్‌పీ2 లాంటి ఒంటి ప్రతి జన్యువులు అదే డీఎన్‌ఏలో పలికి, హెచ్‌ఆర్‌పీ2 మాత్రం పలకనప్పుడే ఆ మాట ఎత్తాలి. అప్పుడు కూడా పదమూడో క్రోమోజోమ్ మీదున్న దాని చెల్లెలు హెచ్‌ఆర్‌పీ3ని చూడాలి. అది ఉంటే కిట్ కొన్నిసార్లు గీత చూపించేస్తుంది.

అక్టోబర్: ల్యాంప్

కరెంటు పోయి నడుస్తున్న సైక్లర్ ఆగిపోవడం ఈ వానాకాలంలో మామూలైంది. అందుకు కాకపోయినా, ల్యాంప్ పద్ధతిని పీహెచ్‌సీలోనే నడపగలమా అని చూడాలనుకున్నాం. జపాన్‌లో 2000లో వచ్చింది. ఇందులో వేడి పెంచడం, దించడం ఉండదు. బీఎస్‌టీ అనే ఎంజైమ్, ఆరు చోట్ల అతికే నాలుగు ప్రైమర్లు, 65 డిగ్రీల దగ్గర గంటలోపు. చిన్న హీట్ బ్లాక్, దానికొక ఇన్వర్టర్ చాలు. హైడ్రాక్సీ నాఫ్తాల్ బ్లూ రంగు ముందే కలిపితే పాజిటివ్ ట్యూబ్ ఊదానుంచి ఆకాశనీలానికి మారుతుంది. మూత తెరవక్కర్లేదు. జూలై చివర చూసినదాని తర్వాత నాకు ఇందులో అన్నిటికంటే నచ్చింది అదే.

ఏఎన్‌ఎం అక్క తెల్లకాగితం మీద ట్యూబులు వరుసగా పెట్టి చూసింది. “ఇది నీలమా, ఊదానా?” అని ఒకదాని దగ్గర ఆగింది. మాకూ తెలియలేదు. ట్యూబ్‌లైట్ కింద ఒకలా, కిటికీ దగ్గర ఒకలా ఉంది. అలాంటివి ‘మళ్లీ చూడాలి’ అని రాసి కాగితంతో పాటు హనుమకొండకు పంపుతున్నాం.

ల్యాంప్‌కు ఒక పరిమితి ముందే తెలుసు. మేము వాడే ప్రైమర్లు రెండు రకాలు: అన్ని ప్లాస్మోడియంలకు ఒకటి, ఫాల్సిపారంకు ఒకటి. మొదటిది పలికి రెండోది పలకకపోతే అది ఫాల్సిపారం కాదు, మన దగ్గర దాదాపుగా వైవాక్స్. రెండూ పలికితే ఫాల్సిపారం ఒక్కటే ఉండొచ్చు, వైవాక్స్ కూడా ఉండొచ్చు. మా అసలు ప్రశ్నకు అది జవాబు ఇవ్వదు. అందుకని పని పంచాం. గూడెం దగ్గర ల్యాంప్, రెండూ పలికినవాటి కాగితాలు నెస్టెడ్‌కు. టీబీకి, కరోనాకు చూసిన ట్రూనాట్ లాంటి చిప్ యంత్రాలకు మలేరియా చిప్‌లు కూడా ఉన్నాయి. అవి బ్యాటరీతో నడుస్తాయి. ఒక యంత్రం అడిగి చూస్తున్నాం. ఇచ్చేదాకా హీట్ బ్లాకే.

వానలు తగ్గుముఖం పట్టాయి, కాగితాలు మళ్లీ సాయంత్రానికే ఆరుతున్నాయి. ఇప్పటినుంచి ప్రతి వలయంలోంచి మూడు బిళ్లలు తీస్తున్నాం. చిన్న చుక్క పడినవి వేరే కట్టగా పెడుతున్నాం, వాటి నెగెటివ్‌లను లెక్కలో విడిగా చూపిస్తాం. కిట్ గీత రాని నమూనాల డీఎన్‌ఏ చెలెక్స్‌లోనే ఉంది, అది ఎక్కువకాలం నిలవదు. కాబట్టి ఆ కాగితాలనుంచే మళ్లీ కాలమ్‌తో తీయాలి. ఎంఎస్‌పీ2 ప్రైమర్లు వచ్చే వారం వస్తాయట. అవి పలికిన నమూనాలతోనే హెచ్‌ఆర్‌పీ2 ప్లేటు పెడతాం.